ముందు పాలసీ, తర్వాతే ఉమ్మి

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక ఉచిత సలహా. అమ్మకో పిన్నికో రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, డాక్టరు మిమ్మల్ని కూడా జన్యు పరీక్ష చేయించుకోమన్నాడనుకోండి. కంగారుపడి వెంటనే ట్యూబులో ఉమ్మేయకండి. నోరు మూసుకుని ముందు లైఫ్ ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ కొట్టండి. ఇది నా బుర్రలో పుట్టిన తెలివి కాదు. అక్కడి జెనెటిక్ కౌన్సెలర్లు కాస్త మర్యాదైన మాటల్లో చెప్పేదే.

కారణం ఉంది. 2008లో అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టిన ‘జీనా’ చట్టం ప్రకారం జన్యువులు చూసి హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు ప్రీమియం పెంచకూడదు, యజమాని ఉద్యోగం పీకకూడదు. బాగుంది. కానీ లైఫ్ ఇన్సూరెన్స్, వైకల్య బీమా, ముసలితనంలో సంరక్షణకు తీసుకునే బీమా ఆ చట్టం గుమ్మం బయటే ఉండిపోయాయి. అంటే మీరు ఆసుపత్రి పాలైతే చట్టం కాపాడుతుంది. పోతే మాత్రం మీ పిల్లల సంగతి కంపెనీ దయ.

అసలు ముచ్చట ఇప్పుడు చూడండి. కుటుంబ చరిత్రను బట్టి ప్రమాదం ఉన్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పును చెప్పే బీఆర్‌సీఏ జన్యు పరీక్షను హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు పైసా తీసుకోకుండా చేయించాలని ఒబామా కేర్ నియమం. కాబట్టి ఒక బీమా కంపెనీ సొంత ఖర్చుతో మీ గుట్టు బయటికి తీయిస్తుంది. ఇంకో బీమా కంపెనీ ఆ గుట్టు చూసి తలుపేస్తుంది. తెలుసుకున్నవాళ్లకు జరిమానా, తెలుసుకోనివాళ్లకు రాయితీ! దరఖాస్తులో ‘జన్యు పరీక్ష చేయించుకున్నారా’ అని అడిగిన చోట ఒక బుల్లి గడి ఉంటుంది. అవునంటే రిపోర్టు ఇవ్వాలి. లేదని అబద్ధం టిక్కు పెడితే, రేపు క్లెయిమ్ కొట్టేయడానికి ఆ టిక్కొక్కటి చాలు.

డాక్టరుతో పనేంటి, ఆన్‌లైన్లో కిట్ తెప్పించుకుంటే మూడో కంటికి తెలియదంటారా? ‘ట్వెంటీత్రీ అండ్ మీ’ అని ఒక కంపెనీ ఉంది. దాని బీఆర్‌సీఏ రిపోర్టుకు 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు, వెయ్యికి పైగా తెలిసిన మార్పుల్లో అది చూసినవి మూడే. అవీ ముఖ్యంగా అష్కెనాజీ యూదుల్లో కనిపించేవి. గుంటూరు అమ్మాయి దాంట్లో ‘ఏమీ లేదు’ అన్న ఫలితం చూసి స్వీట్లు పంచితే, అది పంచినవాళ్ల ఉదారత తప్ప వైద్యం కాదు.

గుట్టు సంగతంటారా, ఆ కంపెనీ నోట్లో నువ్వుగింజ నానలేదు. 2023లో దొంగలు దూరింది సుమారు 14 వేల ఖాతాల్లోకి. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డు వాడే మహానుభావుల ఖాతాలవి. బయటపడింది మాత్రం 69 లక్షల మంది సమాచారం. డీఎన్ఏ కలిసిన చుట్టాలను చూపించే సదుపాయం ఒకటి పెట్టారు మరి! చుట్టాల వల్ల పరువు పోవడం మనకు కొత్త కాదు గానీ, ఎన్నడూ మొహం చూడని చుట్టం వల్ల పోవడం మాత్రం ఆధునికమే.

2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోటిన్నర మంది ఉమ్మి వేలానికొచ్చింది. ఒక మందుల కంపెనీ 25.6 కోట్ల డాలర్లకు పాడితే, చివరికి సహ వ్యవస్థాపకురాలి సంస్థే 30.5 కోట్లకు దక్కించుకుంది. తలకు ఇరవై డాలర్లు. మనుషులు కిట్ కోసం కట్టింది అంతకంటే ఎక్కువ.

ఇక మన దేశం. హెల్త్ పాలసీల్లో ‘జన్యుపరమైన జబ్బులు వర్తించవు’ అని గంపగుత్తగా రాసుకోవడం వివక్షేనని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు అంది. మరుసటి నెలే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా అలా రాయొద్దని కంపెనీలకు చెప్పింది. సంతోషం. ఇక గుట్టు కాపాడే సంగతికొస్తే, 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో జన్యు సమాచారాన్ని ‘సున్నితమైనది’ అన్నారు. 2023 చట్టానికి వచ్చేసరికి ఆ విభాగమే లేదు. నాలుగేళ్లలో మన జన్యువులకు చర్మం మందమెక్కినట్టుంది.

కెనడా వాళ్లు 2017లోనే చట్టం చేశారు. జన్యు పరీక్ష ఫలితం ఇస్తేనే ఒప్పందం అని ఎవరైనా మెలికపెడితే పది లక్షల డాలర్ల దాకా జరిమానా, లేదా ఐదేళ్ల దాకా జైలు. బీమా కంపెనీలు వ్యతిరేకించినా 2020లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మనకు అలాంటి చట్టం లేదు. అది వచ్చేదాకా డాక్టరు అవసరమన్న పరీక్ష మాత్రం మానకండి. రిపోర్టు ఎవరెవరి చేతికి వెళ్తుందో ల్యాబు వాళ్లను అడిగి, కాగితం మీద రాయించుకోండి.