మా ఆయమ్మ ఉందిగా!

చెన్నైలో బడి నడిపే కరస్పాండెంట్ గార్లకు, హెడ్‌మిస్ట్రెస్ అమ్మగార్లకు కొన్ని చిట్కాలు.

జూన్‌లో బడి తెరిచిన వారానికే ఎవరో ఒక తల్లి చక్రాల కుర్చీ తోసుకుంటూ మీ గది గుమ్మంలోకి వస్తుంది. పాపకు స్పైనా బైఫిడా. వెన్నెముక పూర్తిగా మూసుకోకుండానే పుట్టింది. మూత్రం నిండిన సంగతి తనకు తెలియదు, మూడు నాలుగు గంటలకోసారి సన్నటి ట్యూబు పెట్టి తీయాలి. ఇదంతా ఆ తల్లి నిలబడే చెబుతుంది. సీటు లేదని మాత్రం అనకండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ఆ మాట నోట రాకూడదు. నిండుగా నవ్వి, "దానికేమమ్మా, మా ఆయమ్మ ఉందిగా" అనండి. ఆయమ్మను ముందుగా అడగాల్సిన పని లేదు.

ఆమె ఎలాగూ ఉంటుంది. బెల్లు కొట్టేది, ఎల్కేజీ పిల్లల్ని కడిగేది, మెట్రో వాటర్ లారీ వస్తే డ్రమ్ములు నింపించేది ఆమే. జీతం కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది, వచ్చిన నెలలో. ఆమె పనుల చిట్టా ఎవరైనా రాసి ఉంటే, దాని అడుగున "పై వారు చెప్పిన ఇతర పనులు" అనే మాట తప్పకుండా ఉంటుంది. కాథెటర్ అనే ఆ ట్యూబు పెట్టడం ఇతర పనే కదా! జీతంలో ఒక్క రూపాయి పెంచనక్కర్లేదు. "చెయ్యి వణుకుతోంది మేడం, పాపకేమన్నా అయితే?" అని ఆమె గొణిగితే, "నువ్వూ ఇద్దరు బిడ్డల తల్లివేగా" అని భుజం తట్టండి. దేశంలో ఇంతకన్నా చవకైన నర్సింగ్ కోర్సు లేదు.

డాక్టరు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆయమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, తమిళం కూడబలుక్కుని చదువుతుంది. కాబట్టి ఆ ఇంగ్లీషు కాగితాన్నే లామినేట్ చేయించి గోడకు తగిలించండి. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు కళకళలాడుతూ కనిపిస్తుంది. "నాకు ఆసుపత్రి నర్సు నేర్పింది, నేను వచ్చి ఆయమ్మకు చూపిస్తాను" అని తల్లి అంటే, పరీక్షలయ్యాక చూద్దామనండి. పరీక్షలు ఎప్పుడూ ఉంటాయి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన సంగతి మీ చెవిన వేయాలి. 1984 జులైలో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి తగవు మీదే తీర్పు చెప్పింది. టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్ ఊళ్లో బడివాళ్లు ఎనిమిదేళ్ల పాపకు ట్యూబు పెట్టడం మా పని కాదన్నారు. మీ పనేనని కోర్టు తేల్చింది. అంతటితో ఆగినా బాగుండేది. మామూలు మనిషి గంటలోపు నేర్చుకుని కొన్ని నిమిషాల్లో చేయగల పని ఇది అని తీర్పులోనే రాసింది. ఆ ఇంట్లో అమ్మా నాన్నలతో పాటు పాపను కనిపెట్టుకునే ఆమె, ఇంకా మీసాలు సరిగా రాని అన్న కూడా చేస్తున్నారట, త్వరలో పాపే తనకు తాను చేసుకోగలదట. అంతకు పన్నెండేళ్ల ముందే, 1972లో, జాక్ లాపిడెస్ అనే డాక్టరు దీనికి ఆపరేషన్ థియేటర్ మడి అక్కర్లేదని, చేతులూ ట్యూబూ శుభ్రంగా ఉంటే చాలని ప్రకటించాడు. ఈ రెండు కబుర్లూ మీ గేటు దాటి లోపలికి రానివ్వకండి. గంట పని అని తెలిస్తే, ఆ గంట ఎందుకు కేటాయించలేదని ఎవరైనా అడుగుతారు.

ఎక్కడ చేయించాలి? స్టాఫ్ టాయిలెట్ మాట ఎత్తకండి, దాని తాళం టీచర్లది. విరిగిన బెంచీలు, పాత మ్యాపులు పడేసిన గది ఉంటుంది, తలుపుకు గడియ ఉండదు, అది చాలు. నాలుగో క్లాసు పిల్లకు సిగ్గేమిటి? గ్లౌజులు మందుల షాపులో చవగ్గా దొరికే రబ్బరువి కొనండి. స్పైనా బైఫిడా పిల్లల్లో చాలామందికి లేటెక్స్ రబ్బరు పడదని, దద్దుర్లతో మొదలై ఊపిరాడకపోవడం దాకా పోవచ్చని డాక్టర్లు అంటారు. అలా వినుకుంటూ పోతే పుట్టినరోజులకు క్లాసులో బెలూన్లు కూడా కట్టకూడదు.

వీటన్నిటికన్నా సులువైన దారి, పాపను నీళ్లు తాగొద్దనడం. నిజానికి మీరు చెప్పనక్కర్లేదు. ఒకటి రెండుసార్లు స్కర్టు తడిసి, వెనక బెంచీ వాళ్లు ముక్కు మూసుకుంటే, జూన్ ఎండలో కూడా ఆ పిల్ల సీసా మూత తీయడం మానేస్తుంది. మూత్రం లోపలే నిలిచిపోతుంది, చీము పడుతుంది, జ్వరం వస్తుంది, ఒత్తిడి పైకి ఎక్కి మెల్లగా కిడ్నీలను తినేస్తుంది. ఆ లెక్క తేలేసరికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆమె టీసీ తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది, మీ రికార్డులో వంద శాతం హాజరు మాత్రం మిగులుతుంది.

ఆయమ్మ సెలవు పెట్టిన రోజు పాపకూ సెలవు ఇచ్చేయండి. లేదా తల్లినే పిలవండి. వాచ్‌మన్ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేస్తే ఆమె పొద్దుటి నుంచి మూడున్నర దాకా కూర్చుంటుంది. ఉద్యోగం ఎప్పుడో మానేసి ఉంటుంది కనుక ఇబ్బంది లేదు.

ఫిట్స్ వచ్చే పిల్లవాడి సంగతి ఇంకా తేలిక. చేతిలో తాళాల గుత్తి పెట్టండి, నోట్లో చెంచా దూర్చండి, చుట్టూ నలభై మంది మూగండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడటం, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయడం డాక్టర్ల చాదస్తం. ముక్కులో కొట్టమని రాసిచ్చిన మందును బీరువాలో భద్రంగా పెట్టి, తాళం చెవి సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర ఉంచండి.

షుగర్ పిల్లల ఇన్సులిన్‌ను డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. ఒకసారి గడ్డకట్టాక అది ఎందుకూ పనికిరాదు, మీకు సూది గొడవ తప్పుతుంది. వణుకుతూ, చెమట కారుతూ పిల్లవాడు బిస్కెట్ తీస్తే క్లాసులో తిండి కూడదని లాక్కోండి. క్లాసులోనే షుగర్ చూసుకోనివ్వండి, సూది వేసుకోనివ్వండి అని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లోనే రాసింది. రాస్తే రాసింది, ఫైలు కట్టండి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది, 2005 నుంచి ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ల కోసమే పనిచేస్తోంది. కొట్టూరుపురంలో విద్యాసాగర్ అనే అలాంటి సంస్థ 1985 నుంచి ఉంది. రెండూ బడికి అందనంత దూరమేం కాదు. ఆయమ్మకు శిక్షణ ఎక్కడ దొరుకుతుందని ఫోన్ చేసి అడిగితే దారి చెప్పేస్తారు, జాగ్రత్త.

ముందుజాగ్రత్తగా తల్లి చేత "ఏం జరిగినా బడికి బాధ్యత లేదు" అని రాయించుకోండి. ఆయమ్మకు ఏం రాసివ్వకండి. ఎవరు ఎప్పుడు ట్యూబు పెట్టారు, ఎంత మూత్రం వచ్చింది, రంగు ఎలా ఉంది అని రాసే నోటు పుస్తకం అసలే వద్దు. రేపు తప్పు జరిగితే, "చేసింది ఆమే" అనడానికి నోటి మాటే సుఖం.

ఇక ఆ 2016 చట్టం పుస్తకం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ బిడ్డ అవసరాన్ని బట్టి సాయం అందించాలని 16వ సెక్షన్ అంటుంది. బడి సిబ్బందికి శిక్షణ ఇప్పించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వం మీద, కార్పొరేషన్ లాంటి స్థానిక సంస్థల మీద పెట్టింది. చట్టాన్ని మీరితే మొదటిసారి పది వేల దాకా, మళ్లీ మీరితే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న తల్లికి చదువుకోవడానికి రోజంతా తీరికే. ఆ పుస్తకం ఆమె చేతికి చిక్కకుండా చూసుకోండి.