ఇత్తడిని రాగి చేసిన మొనగాణ్ణి

మా అమ్మ నాలుగు తూటా గుల్లలు అరచేతిలో పోసుకుని, వంటింటి కిటికీ దగ్గరికెళ్లి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూసింది. "ఇత్తడన్నావు కదరా, ఇవి రాగివి కదూ?" అంది.

ముందురోజు సాయంత్రం దాకా అవి ఇత్తడివే.

టెక్సస్‌లో ఉద్యోగం చేసుకునే తెలుగువాడికి తూటాలతో పనేంటంటే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాది ఆఫీసులో ఒకాయన షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. కాలేజీలో ఎన్‌సీసీ పుణ్యమా అని ఐదు రౌండ్లు కాల్చి, ఆ ముచ్చట పదేళ్లు చెప్పుకున్నవాణ్ణి. ఇక్కడ గంటలో 100 కాల్చేశాను. బిల్లు చూసి నేను మొహం వేలాడేస్తే, రీలోడింగ్ సంగతి ఆయనే చెప్పాడు. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. గుల్ల మాత్రం మన కాళ్ల దగ్గరే పడుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ కొలతకు నొక్కి, మిగతా మూడూ కొత్తవి పెట్టుకుంటే ఇంకో తూటా. "ఆదా" అన్న మాట చెవిన పడగానే నాలోని తణుకువాడు లేచి కూర్చున్నాడు.

ఆదా కోసం ముందు ప్రెస్సు కొన్నాను. తర్వాత గుల్లల్ని కొలతకు నొక్కే డైలు, త్రాసు, టంబ్లర్, అయిదు పౌన్ల స్టీలు పిన్నులు. మొత్తం ఎంతయిందో మా ఆవిడకి ఈనాటికీ చెప్పలేదు. ఈ వ్యాసం ఆవిడ చదవదనే ధైర్యం.

టంబ్లరంటే మరేం లేదు, పడుకోబెట్టిన డ్రమ్ము. గుల్లలూ, నీళ్లూ, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క, పావు చెంచా నిమ్మ ఉప్పు, ఆ పిన్నులూ వేసి బిగిస్తే మోటారు తిప్పుతూ ఉంటుంది. ఒక్కో పిన్ను 1.2 మిల్లీమీటర్ల లావు, ఆరున్నర మిల్లీమీటర్ల పొడవు. పనిలేక ఒకసారి లెక్కవేశాను, అయిదు పౌన్లకి 39 వేల పైచిలుకు వస్తాయి. అవి గుల్ల లోపలికి దూరి, ప్రైమర్ కూర్చునే గుంటలోకీ దూరి మసినంతా గోకేస్తాయి. మొదటిసారి గంటన్నర తర్వాత మూత తీస్తే కాటుక కలిపినట్టున్న నల్లనీళ్లు. వాటిని వంచేసరికి అడుగున, పుస్తెలతాడు మెరుగు పెట్టించి తెచ్చినప్పుడుండే మెరుపు! నేను చెడిపోయింది సరిగ్గా అక్కడే. కాల్చడం మీద మోజు తగ్గింది, మెరిపించడం మీద పెరిగింది.

మెరిపించడానికి సరుకు కావాలి కదా. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే జాతిని. రేంజిలో ఎవరూ ఏరుకోని గుల్లలు, అడిగితే తీసుకుపొమ్మన్నారు. బకెట్టుకెత్తాను. ఏ సైజువి ఆ సైజుగా వేరుచేయాలని తోచలేదు. 9 ఎంఎం గుల్ల నలభై కాలిబర్ గుల్లలోకి దూరుతుంది. ఆ రెండూ కలిసి నలభై అయిదులోకి దూరతాయి. గంటన్నర తిరిగేసరికి నా బకెట్టులో సగం కొండపల్లిలో కూడా చెయ్యని బొమ్మలయ్యాయి. సందుల్లో పిన్నులు ఇరుక్కుని ఒకదాన్నుంచి ఒకటి ఊడిరావు. పట్టకారుతో ఆదివారమంతా పీకాను. అలా ఏరుకొచ్చినవాటిలో నా దగ్గరున్న పిస్తోలుకు పనికొచ్చేవి 9 ఎంఎంవే. మిగతావి ఎందుకు తోముతున్నానని నన్ను నేను అడగలేదు.

నవ్వుకోలేని తప్పు ఒకటుంది, అదీ చెప్పేస్తాను. పిన్నులు వడకట్టడానికి మొదట్లో వంటింట్లో బియ్యం కడిగే చిల్లుల గిన్నె వాడాను, సింకులోనే. "ఆ నలుపేంటండీ?" అంది మా ఆవిడ. "మసి" అన్నాను. మసి ఒక్కటే కాదు. మామూలు ప్రైమర్లలో సీసం ఉంటుంది, పేలాక అది గుల్లకి అంటుకుని ఉంటుంది, కడిగితే నీళ్లలోకి వస్తుంది. ఈ సంగతి తెలిసేటప్పటికి ఆ గిన్నెలో మూడుసార్లు అన్నానికి బియ్యం కడిగాం. ఇంట్లో నాలుగేళ్ల పిల్ల. రక్తపరీక్షలో ఏమీ లేదని తేలేవరకు ఆ రెండురోజులూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది. గిన్నె పారేశాను. ఆ సరంజామా అంతా గరాజుకు మారింది, చేతికి తొడుగులు వచ్చాయి, ఆ నీళ్లు మళ్లీ వంటింటి గడప తొక్కలేదు.

ఇక అమ్మ వచ్చిన రోజు సంగతి. మా ఇంట్లో ఇత్తడంటే అజ్జరం ఊరి ఇత్తడి. గంగాళం, బిందెలు, కుందులు. పండక్కి ముందు అమ్మ చింతపండు, ముగ్గుపిండి వేసి నూతి దగ్గర తోముతుంటే మేం నీళ్లు పోసేవాళ్లం. అలాంటావిడ ముందు నా పనితనం చూపించాలనిపించింది. పావు చెంచాతో అంత మెరిస్తే నాలుగు చెంచాలతో ఎంత మెరవాలి! నిమ్మ ఉప్పు నాలుగు చెంచాలు దిట్టంగా వేసి, నా రైఫిలువి 200 గుల్లలు పోసి, టైమరు అయిపోయినప్పుడల్లా మళ్లీ తిప్పి, అర్ధరాత్రి దాటాక ఆ పులుపు నీళ్లలోనే వదిలేసి పడుకున్నాను.

పొద్దున్న చూస్తే అన్నీ గులాబీ రంగు.

తూటాలకు వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపు కాసేపు తగిలితే పైనున్న కిలుము పోతుంది. గంటల తరబడి నానితే జింకు ముందు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది. ఇదంతా నేను ఫోనులో చదివి అమ్మకి వివరించబోతే, ఆవిడ మధ్యలోనే, "చింతపండు పెట్టి ఎవరైనా రాత్రంతా నానేస్తార్రా? రుద్దామా, కడిగామా, పొడిగుడ్డతో తుడిచామా, అంతే" అంది. కెమిస్ట్రీలో డిస్టింక్షన్ వచ్చినవాణ్ణి, అప్పుడు నీళ్ల చెంబు మోయడమే గాని, ఆవిడ చేతులెందుకంత తొందరగా కదిలేవో చూడలేదు.

అక్కడితో ఆగానా? గులాబీ పోగొట్టడానికి లోహాలకు రాసే పాలిష్ సీసా పట్టుకుని రేంజికి వెళ్లాను. అక్కడ డెబ్బై దాటిన ఒక పెద్దాయన సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. అమ్మోనియా, కళ్లు మండాయి. ఇత్తడికి అమ్మోనియా పడదట. తర్వాత చదివితే అది సాక్షాత్తూ మన దేశం కథే. బ్రిటిషువాళ్ల జమానాలో అక్కడి సైన్యం వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీస్తే గుల్లలు వాటంతటవే పగిలి ఉండేవి. కారణం 1921 దాకా తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లాగి సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగులు తెచ్చాయి. ఆ పగుళ్లకు సీజన్ క్రాకింగ్ అని పేరు.

పెద్దాయన నా గుల్లొకటి తీసి మూతి అంచు మీద గోరు ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. గోరుకి గరుకుగా తగిలింది. అర్ధరాత్రి దాకా 39 వేల పిన్నులు మొత్తితే అంచు లోపలికి ముడుచుకుపోయింది. "లోపలెందుకు తోమావు?" అన్నాడు. మసి పోవద్దా అన్నాను. మెడ లోపల కాస్త మసి ఉంటే గుండు నున్నగా కూర్చుంటుందట. బయటి మట్టి డైని గీరకుండా ఉంటే చాలట. ఆయన తన డబ్బా తెరిచి చూపించాడు. అన్నీ మా ఊరి గుడిగంట రంగులో, మాసిన ఇత్తడి. 300 గజాల దూరంలో ఆయన పెట్టిన అయిదు చిల్లులు నా అరచెయ్యి కింద దాగిపోయాయి. నావి అట్ట మీద ఎక్కడెక్కడ పడ్డాయో ఇక్కడ రాయను.

జింకు ఎంత లోతు పోయిందో కంటికి తెలియదు కాబట్టి 200 గుల్లలూ పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాను. కాల్చింది కాల్చినట్టు మురికిగానే అమ్మినా అదే ధర ఇచ్చేవాడు.

ఇప్పుడూ టంబ్లర్ తిరుగుతుంది. పిన్నులు తీసేశాను. సబ్బుచుక్క, చిటికెడు నిమ్మ ఉప్పు, ముప్పావు గంట, వెంటనే కడిగి తువ్వాలు మీద ఆరబోత. పిన్నులు తీసేశానన్నానే గాని అవి పోవాలిగా. కారు సీటులో ఒకటి, పిల్ల సాక్సులో ఒకటి, ఊరెళ్లాక అమ్మ పెట్టెలో ఒకటి. మా ఆవిడ ఫ్రిజ్జు మీద ఒక ఖాళీ ఆవకాయ సీసా పెట్టింది. మొన్న శనివారం వాక్యూమ్ గొట్టంలో టిక్కుమని చప్పుడైంది. నేను వినపడనట్టు టీవీ చూస్తున్నాను. ఆవిడ మిషన్ ఆపి, సంచీ విప్పి, వెతికి తీసి, సీసాలో వేసి, "పదిహేడు" అంది.