నీటిమూటల పెట్రోలు

పెట్రోలు ధర పెరిగిన ప్రతిసారీ పుట్టుకొచ్చే వాదాలలో, నీటితోనే ఇంజను నడుస్తుందనే వాదానికి ఉన్నంత ఆయుర్దాయం మరి దేనికీ లేదు. వాతావరణ మార్పు గురించిన భయం పెరిగాక దానికి పుణ్యం కూడా తోడైంది. పూర్వం అది జేబును మాత్రమే కాపాడేది, ఇప్పుడు ఏకంగా భూగోళాన్ని కాపాడుతోంది. విచిత్రమేమిటంటే, ఈ వాదం వినిపించేవారు నీటికి లేని గుణం ఒకటి అంటగట్టి, ఉన్న గుణాలన్నింటికీ నీళ్లు వదులుతారు. ఆ ఉన్న గుణాలు ఎంత అసాధారణమైనవో తెలియాలంటే ప్రయోగశాల దాకా పోనక్కరలేదు, తమిళనాడులోని ధర్మపురి జిల్లా నల్లంపల్లి తాలూకాలో ఒక రహదారిని, ఒక బోరుబావిని చూస్తే చాలు.

ముందుగా లేని గుణం సంగతి. హైడ్రోజన్ మండడమంటే ఆక్సిజన్‌తో కలవడమే, అలా కలిశాక మిగిలేదే నీరు. కట్టె కాలితే బూడిద మిగిలినట్లు హైడ్రోజన్ కాలితే నీరు మిగులుతుంది గనుక, నీటిని ఇంధనమనడం పొయ్యిలోని బూడిదను ఎత్తి మళ్లీ అదే పొయ్యిలో పోసి ఎసరు ఎప్పుడు మరుగుతుందా అని కూర్చోవడం వంటిది. బూడిదను తిరిగి కట్టెగా మార్చకూడదా అంటే, మార్చవచ్చు. నీటిలోకి విద్యుత్తు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టే ఆ పనినే విద్యుద్విశ్లేషణ అంటారు. కాకపోతే 18 గ్రాముల నీటిని విడగొట్టడానికి 286 కిలోజౌళ్ల శక్తి కావాలి, విడిపోయిన వాయువులను మళ్లీ మండిస్తే తిరిగి వచ్చేదీ అదే 286, అదైనా మధ్యలో తీగలూ ఇంజనూ తమ వాటా తీసుకోకుండా ఉంటేనే. బ్యాటరీతో నీటిని విడగొట్టి, ఆ వాయువుతో ఇంజను తిప్పి, ఆ ఇంజనుతో బ్యాటరీ నింపుతామంటూ అమ్మే కిట్ల వ్యవహారం చేబదులు తీర్చడానికి మరో చేబదులు చేయడమే. ప్రతి చేతి మార్పుకూ వడ్డీ వేడి రూపంలో గాలిలో కలిసిపోతుంది.

తమిళనాడు ఈ విద్యలో వెనకబడిందేమీ కాదు. 1996లో రాజపాళయం ప్రాంతానికి చెందిన రామర్ పిళ్లై, నీటిలో మూలికల ఆకులు ఉడికించి, ఉప్పూ నిమ్మరసమూ చేర్చి కలియబెడితే పెట్రోలు వస్తుందని ప్రకటించగా, పెద్ద పెద్ద సంస్థలు సైతం ఆ గిన్నె చుట్టూ చేరాయి. మహిమ ఆకులో లేదని, కలియబెట్టే బోలు కర్రలో మైనం మూత వెనక దాగి ఉందని తరువాత బయటపడింది. ఇంతటితో కథ ముగియవలసింది గాని, ఆ మూలికా ఇంధనం చెన్నైలో అమ్మకానికే వచ్చింది; అందులో ఉన్నవి టోలుయీన్, నాఫ్తా వంటి పెట్రోరసాయనాలని సీబీఐ తేల్చగా, 2016లో న్యాయస్థానం మూడేళ్ల శిక్ష విధించింది. అమెరికాలో స్టాన్లీ మేయర్ నీటి కారుకు 1996లోనే ఒహాయో న్యాయస్థానం మోసమని ముద్ర వేసింది. 2012లో పాకిస్తాన్‌లో అటువంటి కారునే మంత్రులు సైతం మెచ్చుకున్నారు. శాస్త్రవేత్తలు నీటి చేతిలో మోసపోలేదా అంటే పోయారు. 1960లలో సోవియట్ రసాయనవేత్త డెర్యాగిన్ మామూలు నీటికన్నా చిక్కనైన కొత్త నీరు దొరికిందని నమ్మాడు, అది గాజు గొట్టాలలోని మలినాల పని అని తేలాక 1973లో తానే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. కిట్లు అమ్మేవారికి ఈ రెండో భాగం ఇంకా అలవడలేదు.

ఇదే మాయ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పత్రికల శీర్షికల్లోనూ తిరుగుతోంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించినప్పుడూ, 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడక హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగినప్పుడూ కనిపించిన "నీటి నుంచి ఇంధనం" అనే మాటలో అసలు కర్తను మింగేశారు. ఆ ఇంధనం ఎండ నుంచి, గాలి నుంచి వస్తుంది, నీరు దానికి సంచి మాత్రమే. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి తొమ్మిది లీటర్ల నీరు చాలు గాని, విద్యుత్తు 50 యూనిట్లకు పైగా కావాలి. ఆ యూనిట్లు బొగ్గు నుంచి వస్తే, యూనిట్‌కు దాదాపు ఒక కిలో చొప్పున, సుమారు 50 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ఆ కిలో హైడ్రోజన్‌తో కారు నడిచే వంద కిలోమీటర్ల దూరాన్ని పెట్రోలు కారు పది పదిహేను కిలోల పొగతోనే ముగిస్తుంది గనుక, సంచి మీద "హరిత" అని రాసినంత మాత్రాన లోపలి సరుకు మారదు.

ఇక నీటికి నిజంగా ఉన్న గుణాలు. సేలం వైపు నుంచి నల్లంపల్లి తాలూకాలోని తొప్పూరు కనుమ ఎక్కే బరువు లారీలో నీరు పోసే చోటు ఒకటుంది, అది పెట్రోలు ట్యాంకు కాదు, రేడియేటర్. ఇంజను కుతకుతలాడితే డ్రైవరు బండి పక్కకు తీసి, కాసేపు ఆగి, మూత మీద తడిగుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకుని మెల్లగా తిప్పుతాడు. బుస్సుమని ఆవిరి పోయాక నీరు పోస్తాడు. కూలెంట్ వాడే బండిలోనూ అందులో సగం దాకా నీరే. ఒకే బరువున్న ఇనుముకన్నా నీరు తొమ్మిది రెట్ల వేడిని మింగి ఒక్క డిగ్రీ మాత్రమే ఎక్కుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలనే పట్టుతో పట్టుకుని ఉండటమే దీనికి కారణం. మనుషులు పోగుచేసిన అదనపు వేడిలో 90 శాతం దాకా సముద్రాలు నోరెత్తకుండా దాచుకున్నదీ ఈ గుణంతోనే. ఇంధనమవడం చేతగాని నీరు ఇంధనం చేసిన పాపాన్ని మోస్తోందన్నమాట.

రెండో గుణం అంత మంచిది కాదు. నీటి అణువుకు ఒక కొస ధన విద్యుదావేశం, మరో కొస రుణ విద్యుదావేశం ఉండటం వల్ల అది తాకిన ప్రతిదాని నుంచీ కొంత లాక్కుంటుంది. ధర్మపురి ప్రాంతపు గట్టి రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి బోరుబావుల్లోకి వచ్చే నీరు ఫ్లోరైడును కరిగించుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పిల్లల పళ్ల మీద ఎంత తోమినా పోని గోధుమరంగు చారలుగా మొదలై, ఏళ్లు గడిస్తే ఎముకల దాకా పోతుందన్న సంగతి నల్లగొండ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఈ నీటిని మరిగిస్తే ఆవిరి పోయి ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది.

అందుకే ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు సుమారు 1,928 కోట్ల రూపాయలతో, జపాన్ రుణసాయంతో కట్టిన హొగెనకల్ పథకం 2013లో ప్రారంభమై, కావేరి నీటిని లోయలోంచి పైకి ఎత్తుతోంది. వెయ్యి లీటర్లను వంద మీటర్లు ఎత్తాలంటే నష్టాలేవీ లేకపోయినా పావు యూనిట్‌కు పైగా విద్యుత్తు ఖర్చవుతుంది, అటువంటి వేల లీటర్లు రాత్రింబవళ్లు ఎక్కుతూనే ఉండాలి. నీటితో ఇంజను నడుపుతామనేవారిలో ఒక్కరైనా ఆ పంపుల కోసం దరఖాస్తు పెట్టుకున్న దాఖలా కనిపించదు, మోటార్ల ఎదుటే ఇంధనం నదిలా పారుతున్నప్పటికీ.