బస్సు ప్రోబు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. బస్సు ప్రోబు పెట్టి పైబిట్టు మొదలుగ
నడుగుబిట్టు దాఁక నన్ని గూర్చి
హెక్సులోనఁ జూచి యెక్సుల వెదకుచు
రన్ను గొట్టవలయు రయముతోడ

అవతారిక: ఈ ఆటవెలది నెల్లూరు తీరాన ఒకానొక ఇంజనీరింగు కాలేజీ డిజిటల్ ల్యాబులో, పాత రికార్డు పుస్తకం అట్ట లోపలివైపు దొరికింది. కర్త తెలియదు. సప్లిమెంటరీ రాయాల్సిన కుర్రాడని కొందరు, వాడిచేత రాయించాల్సిన సారని కొందరు అంటారు. గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి గనుక ఇద్దరూ కారని మా పక్షం. శృంగారనైషధానికి వ్యాఖ్య రాసి వేదం వేంకటరాయశాస్త్రిగారు దానికి సర్వంకష అని పేరు పెట్టారు. ఆ ధైర్యం మాకు లేదు. ఈ టీకాకు తంత్రీస్పర్శిని అన్న పేరు చాలు.

ప్రతిపదార్థం: బస్సు = ఒకే పేరుతో కలిసి నడిచే తీగల గుంపుకు (గూడూరు నుంచి కోట మీదుగా విద్యానగర్ వెళ్లేది ఇక్కడ గ్రాహ్యం కాదు); ప్రోబు పెట్టి = సర్క్యూటు బొమ్మ మీద చూపుముల్లు తగిలించి; పైబిట్టు మొదలుగన్ = ఎక్కువ విలువగల డి7తో మొదలుపెట్టి; అడుగుబిట్టు దాఁకన్ = డి0 వరకు; అన్ని = ఎనిమిదింటినీ; కూర్చి = ఒక్క సంఖ్యగా చేర్చి; హెక్సులోనన్ = పదహారు మూలంగా గల లెక్కలో; చూచి; ఎక్సులన్ = సున్నాయో ఒకటో తేలని స్థితులను; వెదకుచున్; రన్ను కొట్టవలయున్ = సిమ్యులేషను నడపాలి; రయముతోడన్ = వేగంగా. చివరిది ఉత్త పాదపూరణం. ల్యాబు కంప్యూటర్లు ఎరిగినవాళ్లు దీనికి వేరే అర్థం చెప్పరు.

తాత్పర్యం: ఎనిమిది తీగలకు ఎనిమిది గీతలు గీయించుకుని కళ్లు పాడుచేసుకోకుండా, అన్నిటినీ ఒక్క గీతలో సంఖ్యలుగా చదువుకోమని.

విశేషం: “పైబిట్టు మొదలుగ” అన్నచోటే కవి ప్రతిభ ఉంది. తీగలో సంఖ్య ఉండదు, ఉండేది హెచ్చో తగ్గో అంతే. ఏ తీగ ముందు, ఏది వెనక అని ప్రోబు వివరాలడిగే పెట్టెలో మనం నింపిన వరసే సంఖ్యను పుట్టిస్తుంది. మొదటి బిట్టు గడిలో 7 బదులు 0, చివరి గడిలో 0 బదులు 7 వేశామనుకోండి. బుద్ధిగా 0, 1, 2, 3, 4 అని లెక్కపెట్టే కౌంటరు 0, 128, 64, 192, 32 అని గంతులు వేస్తుంది. కౌంటరు తప్పేమీ లేదు. అది తెలియక సర్క్యూటంతా విప్పి మళ్లీ గీసేవారు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

వరస సరిపోయినా ధన, రుణ గుర్తు సంగతి ఉంది. 11110011 అన్న బిట్లను హెక్సులో ఎఫ్3 అని, మామూలు దశాంశంలో 243 అని, రుణసంఖ్యలకు చోటిచ్చే పద్ధతిలో -13 అని చదువుతారు. మూడూ నిజమే. ఇలాంటి చోట టీక లేని మూలం ప్రమాదం.

పాఠాంతరం: మూడో పాదంలో “దశమ లెక్కఁ జూచి” అని ఒక ప్రతిలో ఉంది. గణాలు కుదిరాయిగానీ యతి చెడింది. అర్థం అంతకన్నా చెడింది. హెక్సులో ఒక్కో అక్షరం నాలుగేసి బిట్లకే బాధ్యత. ఒక బిట్టు ఎక్సయితే ఆ ఒక్క అక్షరమే పోతుంది, పక్కది క్షేమం. దశాంశంలో ఒక్క బిట్టు తేలకపోయినా మొత్తం సంఖ్య గల్లంతవుతుంది. ఏ తీగ చెడిందో కచ్చితంగా పట్టుకోవాలంటే బైనరీకి దిగాలి. కవి మధ్యేమార్గం ఎంచుకున్నాడు. ప్రతి రాసినవాడికి వైవాలో సున్నా వచ్చి ఉంటుంది.

ఎక్సులు ఎక్కణ్నించి వస్తాయి? రీసెట్ ఇవ్వని ఫ్లిప్‌ఫ్లాపు నుంచి ఎక్కువగా. ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు వారి ఈసిమ్ సాఫ్ట్‌వేరు వాడేవారికి ఇంకో దారి కూడా ఉంది. దాని వెనకనున్న ఎన్‌జీస్పైసు సిమ్యులేటరులో అనలాగు తీగ డిజిటల్ వైపు రావాలంటే ఒక వంతెన దాటాలి. “ఇంతకు దిగితే సున్నా, ఇంతకు ఎక్కితే ఒకటి” అని రెండు హద్దులు ఆ వంతెనకు ఉంటాయి. వోల్టేజి ఆ నడుమ ఆగిపోతే జవాబు “తెలియదు” అనే. కొన్ని సాఫ్ట్‌వేర్ల ప్రోబు పెట్టెలో, తేలని స్థితి వస్తే అంతకుముందటి మంచి విలువనే చూపించమనే టిక్కు గడి ఒకటి ఉంటుంది. గ్రాఫు ముచ్చటగా వస్తుంది. అబద్ధాలు ఎప్పుడూ ముచ్చటగానే వస్తాయి. ఆ గడి జోలికి పోవద్దన్నదే “వెదకుచు” అన్న మాటకు వ్యంగ్యార్థం.

శంక: రన్ను కొట్టకముందే ఎక్సులు ఎలా కనిపిస్తాయి? క్రమభంగ దోషం కాదా?

సమాధానం: కాదు. మొదటి రన్నుకే పని తెమిలినవాణ్ని ఏ శాస్త్రమూ ఎరగదు. వెతకడం, కొట్టడం, మళ్లీ వెతకడం ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతుంటాయి.

మరో శంక: 7493 కౌంటరులో 7 తర్వాత 8 రావాలి కదా, నడుమ సన్నటి చీలికలు ఏమిటి?

సమాధానం: బాగా దగ్గరికి జూమ్ చేసి చూడండి. 7, 6, 4, 0, 8 అని కనిపిస్తుంది. ఆ చిప్పులో ఒక ఫ్లిప్‌ఫ్లాపు మారితేగానీ తర్వాతది మారదు. 0111 తిన్నగా 1000 కాలేదు, 0110, 0100, 0000 మీదుగా వెళ్లాల్సిందే. కొన్ని పదుల నానోసెకన్ల భాగోతం ఇది. ప్రోబు తప్పు చూపలేదు, బస్సు నిజంగానే ఆ మెట్లు దిగింది. కౌంటరును నమ్మేవాడు విలువ కుదురుకున్నాక చదవాలి.

ఇదంతా పిల్లల రికార్డు గొడవ అని కొట్టిపారేసేవారికి ఒక ఉదాహరణ. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్టు తొలి ప్రయాణంలో, ఒక 64 బిట్ల విలువను గుర్తుగల 16 బిట్ల గడిలోకి దూర్చబోయి దిశానిర్దేశక పరికరం ఆగిపోయింది. ఆగిపోతూ అది డేటా బస్సు మీదికి తన లోపాన్ని తెలిపే బిట్లను వదిలింది. ప్రధాన కంప్యూటరు వాటిని ప్రయాణ వివరాలుగా చదువుకుని నాజిళ్లను తిప్పేసింది. సుమారు 40 సెకన్లకు కథ ముగిసింది. బిట్లలో దోషం లేదు, వాటికి చెప్పుకున్న అర్థంలో ఉంది.

మన తీరానికీ ఈ లెక్క దగ్గరిదే. 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లినా శ్రీహరికోటను మేము నెల్లూరు తీరంగానే లెక్కవేసుకుంటాం. ఇస్రో రాకెట్లలో 2009 నుంచి 16 బిట్ల విక్రమ్ 1601 ప్రాసెసరు పనిచేస్తోంది. దాని 32 బిట్ల తమ్ముడు విక్రమ్ 3201, 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60లో ఇక్కణ్నించే ఎగిరి నెగ్గింది. బిట్ల వరస అక్కడ మార్కుల సంగతి కాదు.

ఛందస్సు గురించి చెప్పేదేమీ లేదు. అలంకారం స్వభావోక్తి. చదువరులకు మనవి ఒక్కటే. రికార్డులో ప్రింటు అతికించేటప్పుడు గీత పక్కన ఏ బిట్టు నుంచి ఏ బిట్టు దాకా, ఏ మూలంలో, రుణసంఖ్యలు ఉన్నాయా లేవా అన్న మూడు ముక్కలూ పెన్నుతో రాయండి. దిద్దేవారు మిమ్మల్ని అడగనవసరం ఉండదు.