వారంలో కండ పెంచుట: బిజినేపల్లి చౌరస్తా పద్ధతి

ముందుగా అద్దం కొను తమ్మీ. డంబెల్స్ తర్వాత చూసుకుందాం. బిజినేపల్లి చౌరస్తాలో ఆగిన నాగర్‌కర్నూల్ బస్సు అద్దాల్లో చూసుకోవచ్చు గానీ, నువ్వు జబ్బ మడిచేలోపే కండక్టర్ రైట్ అంటాడు.

ఇంకో జాగ్రత్త. వడ్ల కాంటాలు నడిచే రోజుల్లో ఆ పక్కకు పోవద్దు. అక్కడ అరవై ఏళ్ల హమాలీ పెద్దాయన, బక్కపలచటి మనిషి, 40 కిలోల బస్తాను వీపున వేసుకొని పోయి లారీలో పడేస్తాడు. వచ్చి బీడీ ముట్టిస్తాడు. మళ్లీ ఇంకో బస్తా. నీకు కావాల్సిన గుండు ఆయన చేతి మీద వెతికినా దొరకదు. ఇట్లాంటివి చూస్తే మనసు విరిగిపోతుంది.

ఇక పని మొదలుపెట్టు. జబ్బలో ముందరి కండ ఒక్కటే పెంచు. వెనకది అద్దంలో కనబడదు, కాబట్టి లేనట్టే. ఒంటి లెక్క మాత్రం వేరు. కండరానికి లాగడమే వచ్చు, నెట్టడం రాదు. అందుకే చెయ్యి మడవడానికి ఒకటి, చాపడానికి దాని వెనక ఇంకొకటి. నువ్వు బండిని నెడుతున్నానని అనుకున్నా లోపల ఏదో కండ ఏదో ఎముకను లాగుతూనే ఉంటుంది. జబ్బలో పెద్దది కూడా వెనకదే. అయినా పట్టించుకోకు, ఫొటోలో పడదు.

లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవద్దు. తెలిస్తే మీసం మెలేయబుద్ధి కాదు. అడిగావు గనక చెప్తా.

ఆదివారం పొట్టేలు కూర ఉడికాక ముక్క పీచులు పీచులుగా విడిపోతుంది కదా, ఆ పీచు కండర కణాల కట్ట. ఒక్కో కణం వెంట్రుకంత సన్నం, పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉండొచ్చు. ఆ కణం నిండా ఇంకా సన్నటి పోగులు. పోగు పొడవునా రైలు పెట్టెల్లాగా గదులు, పేరు సార్కోమియర్లు. ఒక్క మిల్లీమీటరులో 400 దాకా పడతాయి. గది రెండు గోడల నుంచి లోపలికి ఆక్టిన్ అనే సన్న తాళ్లు. నడుమ మయోసిన్ అనే మందపు తాడు, దానికి వందల చేతులు.

చేదబావిలో నీళ్లు తోడిన అవ్వను అడుగు. తాడు పొట్టిదై బొక్కెన పైకి వచ్చిందా? ఒక చేత్తో లాగి, వదిలి, ముందుకు చాచి మళ్లీ పట్టింది. మయోసిన్ చేతులదీ అదే తీరు. ఒక్క గుంజుకు మిల్లీమీటరులో లక్షో వంతు జరిగితే ఎక్కువ. ఏ తాడూ కుంచించుకుపోదు. ఒకదాని పక్కన ఒకటి జారి గది ఇరుకవుతుంది, అంతే. అన్ని గదులూ ఒక్కసారి ఇరుకైతే నీ జబ్బ మీద గుండు లేస్తుంది. ఈ సంగతిని 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు జట్లు రాశాయి. ఒక జట్టులో ఆండ్రూ హక్స్‌లీ, ఇంకో జట్టులో హ్యూ హక్స్‌లీ. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు.

ఆ చేతులు ఊరికే లాగవు. ఆక్టిన్ మీద ట్రోపోమయోసిన్ అనే దారం గడపకు అడ్డంగా పడుకున్న తాతలాగా ఉంటుంది. నాడి కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ కబురు తెస్తే, కణం పొర మీద కరెంటు పాకి, లోపలి సంచుల్లోంచి కాల్షియం బయటపడుతుంది. అది తాత మనవడైన ట్రోపోనిన్‌ను తడుతుంది. మనవడు తాతను పక్కకు జరుపుతాడు. చేతులకు పట్టు దొరుకుతుంది. పని అయ్యాక కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడి పోయాలి. దానికీ ఇంధనం ఖర్చే.

ఇంధనం మాట వచ్చింది కాబట్టి డబ్బా కొను. దాని మీద కండలు తిరిగిన పరాయి పహిల్వాన్ బొమ్మ, క్రియాటిన్ అన్న మాట ఉంటాయి. యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఉండదు, వెతక్కు. 1895లో భీమవరంలో పుట్టి, బోస్టన్ చేరి, పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో కింది పనులు చేసిన మనిషి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ముందు భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతి తయారుచేశాడు. ఆ కొలతతోనే 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఆ మయోసిన్ చేతులకు ఇంధనమైన ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని వేరుగా పట్టాడు. అప్పటిదాకా లాక్టిక్ ఆమ్లమే కండను బిగిస్తుందని పెద్దల నమ్మకం, దాని పునాది కదిలిపోయింది. ఇంతా చేస్తే హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. నువ్వు మాత్రం పహిల్వాన్‌కే దండం పెట్టు.

కండలో ఉన్న ఏటీపీ నిండు బలంతో రెండు మూడు క్షణాలు వస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటే పది దాకా లాగొచ్చు. సెల్ఫీకి సరిగ్గా సరిపోతుంది.

పొద్దంతా బలం కావాలంటే మాత్రం గాలి కావాలి, గట్క కావాలి. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కోసం మూటాముల్లె సర్దుకొని పోయి, దేశమంతటా డ్యాములకూ కాలువలకూ మట్టి ఎత్తిన పాలమూరు లేబర్ బతికింది ఆ లెక్క మీదనే. పోగుల్లోనూ రెండు రకాలు, కోడి ముక్కలో చూడు: నాటుకోడి తొడ ముక్క ఎరుపు, బ్రాయిలర్ రొమ్ము ముక్క తెలుపు. ఎర్ర పోగులు నిదానం, అలసట తక్కువ. తెల్లవి చురుకు, తొందరగా చతికిలపడతాయి. లేబర్ దగ్గర తవ్విన గుంతను టేపుతో కొలిచి కూలి కట్టారు గానీ, జబ్బ చుట్టూ టేపు పట్టిన మేస్త్రీ లేడు. అటువంటి పని నీకెందుకు, వద్దు.

నొప్పి లేందే కండ రాదని ఎవరో చెప్పే ఉంటారు. నొప్పే కావాలంటే డబ్బు దండగ, వట్టెం గుట్ట ఎక్కి స్వామిని చూసి గబగబా దిగు. ఎక్కినప్పుడు ఆయాసమే. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి, అలవాటు లేని పోగులు అక్కడ చిట్లుతాయి. మర్నాడు ఓర్చుకుంటావు, ఆ మర్నాడు అరుగు మీద కూర్చోవాలన్నా ఇద్దరు పట్టాలి. అందరికీ లాక్టిక్ యాసిడ్ అని చెప్పు. అది గంటా రెండు గంటల్లోనే వెళ్లిపోయింది కదా అని ఎవరూ అడగరు.

వారం అన్నాను కదా. మొదటి వారాల్లో పెరిగే బలం చాలామటుకు నాడులది, ఇంకొన్ని పోగులను పనిలోకి పిలవడం నేర్చుకుంటాయి. కండ లావెక్కడానికి నెలలు పడుతుంది. వారంలోనే కనబడాలంటే అంగీ ఒక సైజు తక్కువది కొను.

ఇక బిగించిన కండ సడలకుండా ఉంచడం ఎట్లాగో చెప్పి ముగిస్తా. మయోసిన్ చెయ్యి ఆక్టిన్‌ను వదలాలంటే కొత్త ఏటీపీ వచ్చి దాన్ని అంటుకోవాలి. అది రాకపోతే పట్టిన పట్టు పట్టినట్టే. అందుకే ప్రాణం పోయిన ఇంట్లో పెద్దలు తొందరపడతారు, కాళ్లు సాపు చేసి బొటనవేళ్లు కలిపి కట్టేస్తారు, దవడకు గుడ్డ చుడతారు. కొన్ని గంటల్లో దవడ నుంచి మొదలై ఒళ్లంతా కట్టెబారుతుంది. మన ఎండల్లో ఇంకా తొందరగా. అప్పుడు డబ్బా అక్కర్లేదు, గుట్ట అక్కర్లేదు. ఫొటో మాత్రం వేరేవాళ్లు తీయాలి.