పిల్లి గల పెద్దమనిషి

చోడవరం చుట్టుపక్కల చెరకు తోట గలవారున్నారు, బెల్లం గానుగ గలవారున్నారు, గోవాడ సహకార చక్కెర కర్మాగారంలో వాటా గలవారున్నారు. తమ సొత్తు ఏమిటో, దాని మీద తమ పెత్తనం ఎంతో వీళ్ళందరికీ తెలుసు. ఆ లెక్క తేలనిది పిల్లి గల పెద్దమనిషికి ఒక్కడికే. ఈయన ఏ వీధిలోనైనా కనిపిస్తాడు. సాధారణంగా రిటైరై ఉంటాడు. బడిలోనో, బ్యాంకులోనో, ఏదో ఒక ఆఫీసులోనో ముప్పై ఏళ్ళు పదిమంది చేత మాట వినిపించుకుని ఇంటికొచ్చాడు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు. ఇల్లాలు ఆయన మాట వినడం మానేసి చాలాకాలమైంది. ఇక ఏలుకోవడానికి మిగిలిన ప్రజ పిల్లి. అదీ వినదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని దారినపోయేవారందరికీ ఇదే ఫిర్యాదు: “ఇంత తిండి పెడతన్నానా, పిలిస్తే పలకదేటండీ? విశ్వాసం లేని జాతి!” లోపల్నించి ఇల్లాలు, “దాన్నొగ్గేయండి, అదే వస్తాది,” అంటుంది. ఆ ఇంట్లో పిల్లి సంగతి తెలిసింది ఆవిడకే. పెద్దమనిషి పిల్లికి ప్రేమ తక్కువ చేయలేదు, మోతాదు మించాడు. దగ్గరికి రావడం, దూరం పోవడం రెండూ దాని ఇష్టానికి వదిలినవాడికే పిల్లి మాలిమి అవుతుంది.

పెద్దమనిషి దినచర్య చూస్తే సంగతి బోధపడుతుంది. పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి పిల్లికోసం వెతుకులాట మొదలుపెడతాడు. అది బీరువా మీద ముడుచుకుని ఉంటుంది. చంకల కింద చేతులు పెట్టి దించుతాడు, గుండెలకు హత్తుకుంటాడు, మీసాలతో ముద్దు పెడతాడు, వెల్లకిలా తిప్పి పొట్ట నిమురుతాడు, చివరికి తోక పట్టుకుని “ఇదెంత పొడుగో” అని కొలుస్తాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కింది వాళ్ళకు మూడు మెమోలు ఇవ్వనిదే చర్య తీసుకోలేదని ఈయన గొప్పగా చెప్పుకుంటాడు. పిల్లి కూడా సర్వీసు రూల్సు తప్పదు. తోక కొస టపటపా కొట్టడం మొదటి మెమో. చెవులు పక్కలకు వాలడం రెండోది. వీపు మీది చర్మం అలలా వణకడం మూడోది. మూడింటికీ ఆయన జవాబివ్వడు, ఎందుకంటే అందినట్టే గుర్తించడు. తోక ఊపుతోందంటే సంబరపడుతోందనుకుంటాడు. కుక్క విషయంలో తరచు నిజమయ్యే ఆ సంగతి పిల్లి దగ్గరికొచ్చేసరికి తలకిందులు. నాలుగో నిమిషంలో గోళ్ళు దిగుతాయి. ముంజేతి మీద గీతలు చూపిస్తూ, “ఉన్నట్టుండి పిచ్చెక్కిందండీ దీనికి,” అని ఊరంతా చెబుతాడు. ఉన్నట్టుండి జరిగిందేమీ లేదు. ఫైలంతా పద్ధతి ప్రకారమే నడిచింది.

వదిలేస్తే పిల్లి తానే వస్తుందన్నది ఇల్లాలి ఊహాగానం అనుకునేవారికి సాక్ష్యం చాలానే ఉంది. స్విట్జర్లాండులో పిల్లుల ప్రవర్తనను దశాబ్దాలపాటు గమనించిన డెనిస్ టర్నర్ ఒక విషయం తేల్చాడు. పలకరింపు పిల్లి మొదలుపెడితే ఆ ముచ్చట ఎక్కువసేపు సాగుతుంది, మనిషి మొదలుపెడితే తొందరగా తెగిపోతుంది. పిల్లి అడిగినప్పుడు మనిషి ఎంతగా పలుకుతాడో, మనిషి అడిగినప్పుడు పిల్లీ అంతగా పలుకుతుందని కూడా ఆయన చూపించాడు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇంత కచ్చితం మన వియ్యంకుల మధ్య కూడా అరుదు. 2021లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్నే పరీక్షకు పెట్టారు. చెయ్యి చాపి పిల్లి వచ్చేదాకా ఆగాలి, బుగ్గలు, గడ్డం కింద, చెవుల మొదళ్ళు మాత్రమే నిమరాలి, పొట్ట, తోకల జోలికి పోకూడదు, మధ్యమధ్య చెయ్యి తీసి ఇంకా కావాలంటోందో లేదో చూడాలి. కొద్దిసేపట్లో నేర్పగల ఈ నాలుగు ముక్కలు చెప్పి పంపితే, అవే పిల్లులు ఆ మనుషులతో ఎక్కువ స్నేహంగా, తక్కువ చిరాకుగా ఉన్నాయి. పిల్లులకు ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. మారింది మనుషులు.

కళ్ళ విషయంలోనూ పెద్దమనిషిది ఇదే తొందర. ప్రేమ పుట్టినప్పుడల్లా పిల్లి ముఖంలో ముఖం పెట్టి రెప్ప వేయకుండా చూస్తాడు. పిల్లుల లోకంలో అలా గుడ్లప్పగించి చూసేది కొట్లాటకు దిగేవాడు. 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందుకు విరుగుడు ప్రచురించారు. కళ్ళు సగం మూసి, మెల్లగా రెప్ప వేసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుంది. అలా చేసిన కొత్త మనిషి చాపిన చేతి దగ్గరికి, మామూలు ముఖంతో కూర్చున్నవాడి దగ్గరికంటే ఎక్కువగా వస్తుంది. కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని పిల్లిని తరతరాలుగా ఎగతాళి చేశాం. ఇప్పుడు దాని దగ్గర కళ్ళు మూయడం మనమే నేర్చుకోవలసి వచ్చింది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఈ సాధన అరుగు మీద చేసేటప్పుడు పిల్లి వెనక ఎదురింటివాళ్ళెవరైనా నిలబడి ఉన్నారేమో చూసుకోవాలి. రిటైరైన మనిషి సగం మూసిన కళ్ళతో చూస్తున్నది పిల్లినేనని చెప్పి నమ్మించడం కష్టం.

చూపులు పనిచేయకపోతే పెద్దమనిషి లంచానికి దిగుతాడు. అనకాపల్లి బెల్లం ముక్క పెడతాడు, మాడుగుల నుంచి ప్రత్యేకంగా తెప్పించిన హల్వా పెడతాడు. పిల్లి ఓసారి వాసన చూసి, ఆయన వైపు ఓసారి చూసి వెళ్ళిపోతుంది. “గర్వం!” అంటాడు. గర్వం కాదు, దానికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకం తయారీకి కావలసిన ఒక జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో అమెరికాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఊరూవాడా చెరకు రసం వాసనతో నిండిపోయే సీమలో బెల్లానికి లొంగని ఇంటి జీవి బహుశా ఇదొక్కటే. పాలు పోస్తే పోనీ తాగుతుంది గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పొద్దున పాలు, మధ్యాహ్నం విరేచనాలు, సాయంత్రం మళ్ళీ “దీనికి శుభ్రం లేదు” అనే నింద. ఉప్పూ కారం తగలకుండా ఉడికించిన నాలుగు నెత్తళ్ళు పెడితే ఈ గొడవంతా ఉండదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషం. జ్వరమేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర వేస్తే ప్రాణమే పోవచ్చు. తిండి సరిగా పెట్టడం బాధ్యత. అది నిర్వర్తించినంత మాత్రాన ఒళ్ళో కూర్చోబెట్టుకునే హక్కు రాదు.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. “అన్నిటికీ దాని ఇష్టమేనా? రెండు తగిలించకపోతే పెరుగు గిన్నెలో మూతి పెట్టదా?” అని. తగిలిస్తే ఏమవుతుందో తెనాలి రామకృష్ణుడి మీద చెప్పుకునే కథలోనే ఉంది. రాయలవారు ఇంటింటికీ పిల్లినిచ్చి, దాన్ని మేపడానికి ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటిరోజే పొగలు కక్కే పాలు పోశాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. నవ్వు పక్కన పెడితే అందులో గట్టి మనస్తత్వశాస్త్రం ఉంది. ఒక్క చేదు అనుభవం చాలు, పిల్లి ఆ వస్తువును మరిచిపోదు. పెద్దమనిషి కర్ర తీసుకున్నప్పుడు ఆ వస్తువు స్థానంలో ఉండేది పెరుగు గిన్నె కాదు, ఆయనే. దెబ్బ పడిన క్షణంలో పిల్లి కంటికి కనిపించేది ఆయన ముఖం. కాబట్టి ఆయన ఉండగా దూరంగా ఉంటుంది, ఆయన లేనప్పుడు గిన్నె దగ్గరికి వస్తుంది. రెండూ ఆయనకు నష్టమే. మన పెద్దవాళ్ళు పిల్లికి బుద్ధి చెప్పే పని పెట్టుకోకుండా దూలానికి ఉట్టి కట్టుకున్నారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని ధీమాగా ఉన్నారు. ఇప్పుడు దూలాలు లేవు గానీ ఫ్రిజ్జుకు తలుపుంది, గిన్నెకు మూతుంది. మూత పెట్టడానికి బద్ధకించి పిల్లికి నీతి నేర్పాలనుకోవడం దండగ.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది, రైతు ఇళ్ళలో వినిపించేది. “పిల్లిని తెచ్చింది ముద్దులకా? ఎలకల కోసం. కడుపు నిండా పెడితే ఎలకను పడుతుందా?” చెరకు తోటలున్నచోట ఎలక మాట తేలిగ్గా తీసేయలేం. పైగా చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన ఊరు. ఆయన వాహనానికి ఇక్కడ లోటుండదు. అయితే వేట, ఆకలి ఒకటి కావు. కడుపు నిండిన పిల్లి కూడా ఎలక కదిలితే దూకుతుంది. పస్తు పెట్టిన పిల్లి మీ ఎలకలను వదిలి పక్కింటి చేపల కూర వెతుక్కుంటుంది, ఆ తగాదా మీ గుమ్మానికి వస్తుంది. ఎలకల గురించి ఇంత బెంగపడే పెద్దమనిషే, ముద్దుగా ఉంటుందని పిల్లి మెడలో గంట కడతాడు. కథలో ఎలకలన్నీ సభ చేసి కూడా సాధించలేకపోయిన పనిని వాటి తరఫున తానే పూర్తిచేస్తాడు. గంట కట్టిన పిల్లికి వేట చిక్కడం తగ్గుతుందని కొన్ని పరిశోధనలూ చెప్పాయి. పిట్టల మీద జాలితో కడితే అది వేరే మాట, కట్టినవాడు ఎలకల గురించి ఫిర్యాదు చేయకూడదు.

మూడో ఆక్షేపణ పాతదీ, నలుగురూ నమ్మేదీ. పిల్లికి ఇల్లే కావాలి, మనుషులు అక్కర్లేదని. 2019లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లి కూనలను తమను పెంచినవారితో కొత్త గదిలో ఉంచి, వారిని కాసేపు బయటికి పంపి, మళ్ళీ రప్పించి చూశారు. నూటికి 64 వంతుల కూనలు పెంచినవారు తిరిగి రాగానే కుదుటపడ్డాయి. పసిపిల్లలు తల్లి దగ్గర కుదుటపడే తీరూ ఇలాంటిదే. జపాన్‌లో అత్సుకో సైతో బృందం 2013లో పిల్లులు యజమాని గొంతు గుర్తుపడతాయనీ, 2019లో తమ పేరు కూడా గుర్తుపడతాయనీ చూపించింది. అంటే మన పెద్దమనిషి పిలుపు దానికి వినిపిస్తోంది, అది తన పేరేనని తెలుస్తోంది, పిలిచేదెవరో తెలుస్తోంది. వెళ్ళాలా వద్దా అన్నదే అది ఆలోచిస్తోంది. కిందటిసారి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో గుర్తుంది కాబట్టి ఆలోచిస్తోంది. ఈ వాదంలో ఒప్పుకోవలసిన మినహాయింపు ఒకటుంది. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి తగిలిన కూన మచ్చికైనంతగా, వీధిలో పెరిగి పెద్దదై వచ్చిన పిల్లి మచ్చిక కాకపోవచ్చు. అది ఎన్నటికీ ఒళ్ళోకి రాకుండా ఒకే గదిలో కూర్చోవడంతో సరిపెట్టుకోవచ్చు. అదీ నమ్మకమే. దాన్ని అవమానంగా లెక్కవేసుకోవడం పెద్దమనిషి అలవాటు.

మార్పు అన్నది పిల్లికి ఎంత కష్టమో కూడా ఈయన గ్రహించడు. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జనం రెండు రోజులు చర్చించుకుని బోర్డులు మార్చుకున్నారు. పిల్లి మాత్రం, మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపినా అంత సులువుగా ఒప్పుకోదు. వాసనలతో గుర్తులు పెట్టుకుని బతికే జీవి అది. పండక్కి బంధువులొచ్చి, అందులో నలుగురు పిల్లలు “పిల్లీ పిల్లీ” అని వెంటపడితే, దాని రాజ్యమంతా ఆక్రమణకు గురైనట్టే. మనిషి చెవి 20 కిలోహెర్ట్‌జ్‌ల దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 60 దాటి వింటుంది. అలాంటి చెవులకు వినాయక నిమజ్జనం డీజే, దీపావళి బాంబులు ఏ స్థాయి శిక్షో వేరే చెప్పక్కర్లేదు. మందు కూడా చవకైనదే. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ పరిశోధకులు 2014లో, కొత్తగా ఆశ్రయానికి వచ్చిన పిల్లులకు దాక్కునే పెట్టె ఇస్తే త్వరగా కుదుటపడ్డాయని చూపించారు. ఫ్యాను కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టెను ఓ మూల పడుకోబెట్టండి. అందులో దూరిన పిల్లిని లాగొద్దు. బంధువులకు చూపించడానికైనా సరే.

ఈ తమాషా అంతటిలో నవ్వకూడనిది ఒకటుంది. బలవంతపు ముద్దులు గోళ్ళతో, పళ్ళతో ముగిస్తే, పసుపు అద్ది ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. పిల్లికీ టీకా వేయించాలి. ఇక మిగిలినది పెద్దమనుషులకు విన్నపం. మీరు పిలవండి, చెయ్యి చాపండి, ఆగండి. వస్తే గడ్డం కింద నిమరండి, అది చాలన్నప్పుడు చాలించండి. రాకపోతే పేపరు చదువుకోండి. ముప్పై ఏళ్ళు పెత్తనం చేసినవారికి ఇది కష్టమే. అయినా పిల్లిని మార్చడం కంటే తేలిక.