డిక్కీలో యాభై లీటర్ల గాలి

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడికి బేస్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. నింపురా యార్డు వైపు బొగ్గు గూడ్సు కదిలిందంటే ముందు అలమారలో స్టీలు గ్లాసులకు తెలుస్తుంది, తర్వాత మంచానికి, ఆ తర్వాత మనకి. చెవికి ఆఖర్న అందుతుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ, కారులో బేస్ చాలడం లేదని డబ్బు తగలేసే కొడుకుని మా అమ్మ ఏమంటుందో ఊహించుకోండి. అంతకంటే ఇంకాస్త ఎక్కువే అంది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, కోపమొస్తే బెంగాలీ. నా పాత ఆల్టోలో ఇళయరాజా పాట పెడితే వయొలిన్లు చక్కగా పలికేవి. బేస్ గిటారు మాత్రం హాజరు పట్టీలో సంతకం పెట్టి ఇంటికెళ్ళిపోయిన ఉద్యోగిలా ఉండేది: పేరుంది, మనిషి లేడు.

షాపువాడు వాట్లు చూపించాడు. ఆంప్లిఫయర్ డబ్బా మీద 2000 అని ఉంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి 2000 వాట్లు లాగాలంటే 160 ఆంపియర్లకు పైనే కావాలి. అంత లాగితే పాట మొదలవుతుంది గానీ బండి మొదలవదు. నాకు కావలసినవి వాట్లు కాదు, లీటర్లు. స్పీకరు కోను ముందుకు తోసిన గాలిని వెనక గాలి వచ్చి కలిపేసుకోకుండా ఆపేది పెట్టె. లోతైన బేస్‌కి పెద్ద పెట్టె కావాలి. కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో ‘హెచ్’ అయిన హాఫ్‌మన్ దీన్ని ఉక్కు సూత్రం అన్నాడట: చిన్న పెట్టె, లోతైన బేస్, గట్టి చప్పుడు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. మా అమ్మ హాఫ్‌మన్‌ని చదవలేదు. “డిక్కీ నిండా అదే ఉంటే ఊర్నుంచి బియ్యం బస్తా నీ నెత్తినెడతావేటిరా?” అని నాలుగో షరతు చేర్చింది.

గోల్ బజార్ దగ్గర మిస్త్రీకి పద్దెనిమిది మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలకలూ కొలతలూ ఇచ్చాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దాదా, తలుపేదీ?”

“తలుపుండదు.”

“మరి లోపల ఏం పెడతావ్?”

“గాలి.”

మజూరీ మొత్తం అడ్వాన్సుగా తీసుకున్నాడు.

అసలు ఇంజనీరు మా మామయ్య. వర్క్‌షాపులో ఉద్యోగమంతా బ్రేకు పైపుల మధ్య గడిపి రిటైరయిన మనిషి. సబ్బునీళ్ళు పూసి బుడగలు చూసి లీకు పట్టడంలో ఆయనకి ఎదురులేదు. “గాలి యవ్వారం నాకొదిలెయ్ అల్లుడూ” అంటూ మూలమూలకీ ఫెవికాల్, దాని మీద సిలికాన్ పట్టించాడు. గొట్టం మూతిని అరచేత్తో మూసి కోనుని మెల్లగా నొక్కి వదిలాడు. అది తీరుబడిగా వెనక్కి వస్తే లీకు లేనట్టు. వచ్చింది. ఆయన మొహంలో వెలుగు చూస్తే రాజధాని ఎక్స్‌ప్రెస్‌కి పచ్చజెండా ఊపుతున్నాడనిపించింది.

గొట్టం అంటే గోడ వెనక వాననీళ్ళు దిగే పీవీసీ పైపే. పెట్టెలో గాలి స్ప్రింగు, పైపులో గాలి బరువు. రెండూ కలిసి ఒక వేగంతో ఊగుతాయి. సూత్రం హెల్మ్‌హోల్ట్జ్‌ది, పందొమ్మిదో శతాబ్దం నాటిది. స్పీకర్ల పెట్టెకి దాన్ని లెక్కకట్టి 1961లో ప్రచురించినవాడు నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు. “ఆస్ట్రేలియావోడు సెప్పీదాకా ఆగాలేటి, మనూరి గూడ్సుని అడిగితే సెప్పదా?” అన్నాడు మామయ్య. యాభై లీటర్ల పెట్టెకి పది సెంటీమీటర్ల లోవ్యాసం, ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్ల పొడవు ఉన్న పైపు పెడితే 32 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. పైపు సగానికి కోస్తే 42కి ఎక్కిపోతుంది. కొయ్యడం తేలిక, అతకడం కష్టం గనక రంపం నా చేతికివ్వలేదు.

32 హెర్ట్జ్ అలకి పొడవెంతని అడిగాడాయన. ఇరవై డిగ్రీల వేడిలో పది మీటర్ల డెబ్భై రెండు సెంటీమీటర్లు. (మే నెల ఖరగ్‌పూర్‌లో ఇంకొంచెం సాగుతుంది, మనుషుల్లాగా కాకుండా.) ఆయన కళ్ళు మూసుకుని, “అయితే వంద అలలు వరసగా నిలబెడితే మన ప్లాట్‌ఫారం!” అన్నాడు. నిజమే, 1072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనది అని చెప్పుకునేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్ మమ్మల్ని దాటింది, 2023లో హుబ్బళ్ళి గోరఖ్‌పూర్‌ని దాటింది. ఆ ప్రస్తావన మా మామయ్య దగ్గర తేకూడదు. ఆ రోజు నుంచి 32కి ఒక హెర్ట్జ్ అటూ ఇటూ జరగడానికి ఆయన ఒప్పుకోలేదు.

పరీక్ష రోజున ఫోన్లో 32 హెర్ట్జ్ మోగించాం. కోను దాదాపు కదలడం మానేసింది. చూడ్డానికి వచ్చిన పిల్లలు “కాలిపోయింది” అని తీర్పు చెప్పేశారు. కానీ ట్యూనింగు కుదిరిందనడానికి గుర్తే అది: ఆ స్థాయిలో కోను విశ్రాంతి తీసుకుంటుంది, పనంతా పైపులో గాలి చేస్తుంది. మామయ్య తువ్వాలు పైపు ముందు పట్టాడు. అది జెండాలా కొట్టుకుంది.

తర్వాత నంబరు ప్లేటు పాడింది. దానికి రబ్బరు పెడితే డిక్కీ తాళం అందుకుంది. దాన్ని ఆపితే జాకీ. కారులో ఇన్ని వాయిద్యాలున్నాయని కంపెనీవాడికైనా తెలుసో లేదో. సబ్‌వూఫర్ బిగించడం ఒక పూట పని, మిగతావాటి నోరు మూయించడం సంసారం.

పక్క క్వార్టర్ ‘కాకు’ (బెంగాలీలో బాబాయి) రిటైర్డ్ గార్డు. ఠాకూర్ పటం గోడ మీద వంకరగా తిరుగుతోందని వచ్చాడు. నేను చట్టం విప్పాను: 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాటిని కొలిచే మీటరు మనిషి చెవిని అనుకరిస్తుంది కనుక 32 హెర్ట్జ్ దగ్గర దాదాపు 39 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే మీటరుకి నేను దాదాపు వినపడను కాకూ.

“పటానికి వినపడుతోంది” అన్నాడు.

“గూడ్సుకీ వణుకుతుంది కదా?”

“గూడ్సు వెనక గార్డుంటాడు బాబూ. నీ డబ్బాకెవరున్నారు?”

“నానున్నాను” అంది అమ్మ వెనకనుంచి, కారు తాళాలు కొంగున ముడేసుకుంటూ.